ఉలవలు తొక్కని కారు

సాయంత్రం 4:12. చిలమత్తూరు అవతల తారు రోడ్డు. నూర్చడానికి పరిచిన ఉలవ పంట పక్కన, రోడ్డు మార్జిన్‌లో పుల్లన్న శవం. ఆ అవతల కల్వర్టు రాతికి గుద్దుకుని ఆగిన తెల్ల కారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. నడిపిన కేశవ ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

"నాదేం తప్పు మేడమ్? రోడ్డు మీద ఉలవలు పరచినాడు. బ్రేకు కొట్టినా. జారింది," అన్నాడు ఎస్సై భారతితో.

ఊరంతా నమ్మింది. ఉలవల మీద బళ్లు జారడం ఏటా చూస్తున్నదే. పుల్లన్న భార్య వెంకటలక్ష్మమ్మ ఒక్కతే నమ్మలేదు.

"మా బోరును ఆనుకొని వాడు బోరేస్తాంటే నా మొగుడు అర్జీ పెట్టి రిగ్గు బండిని వెనక్కి పంపిచ్చినాడు. వాని బోర్లు ఏడూ ఎండిపోయినాయి. ఆ కసి మేడమ్. నువ్వు తేల్చకుంటే సచ్చినోనిదే తప్పంటారు. వాన్ని నేనే చూసుకుంటా."

ఆమె నడుముకు కొడవలి దోపి ఉంది. భారతికి అది ఉత్త బెదిరింపుగా అనిపించలేదు.

కారును అక్కడికక్కడే సీజ్ చేసింది. మూడో రోజు కారు కంపెనీ ఇంజినీరు వచ్చి, వేగాన్ని నమోదు చేసే బ్లాక్ బాక్స్ డేటా తీశాడు. గుద్దే ముందు చివరి సెకన్లలో వేగం 41, 49, 57, 64. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంది. బ్రేకు తొక్కనే లేదు.

"బ్రేకు కొట్టానన్నారే?"

"కొట్టినాననుకున్నా మేడమ్. కంగారులో కాలు యాక్సిలరేటర్ మీద పడినట్టుండాది. చక్రాలు ఉలవల మీద ఉత్తగా తిరిగినాయి. ఆ వేగం చక్రాలది, కారుది కాదు."

"అలా జరగొచ్చు మేడమ్. బాక్స్ లెక్కేసేది చక్రాల వేగాన్నే," అన్నాడు ఇంజినీరు ఇబ్బందిగా.

భారతికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఉదయం 10:20. మళ్లీ స్పాట్‌కు బయల్దేరింది. దారిలో ఇంకెవరివో ఉలవలు. జీపు వాటి మీదుగా మెల్లగా దాటి ఆగింది. కానిస్టేబుల్ ఎర్రిస్వామి దిగి జీపు కిందికి దూరాడు.

"ఏమైంది?"

"ఉలవ తీగ యాక్సిల్‌కు చుట్టుకుంటాది మేడమ్. పీకకుంటే వేడికి బండి అంటుకుంటాది. ఈ కాలంలో మాకు రోజూ ఇదే పని."

భారతి అతని చేతిలోని తీగల చుట్ట వైపు చూసింది.

"బండి వెనక్కి తిప్పు."

11:05. స్టేషన్ ఆవరణలో కారును జాకీ మీద లేపించి, కేశవను, ఇంజినీరును, వెంకటలక్ష్మమ్మను పిలిపించింది. టార్చి వెలుగులో యాక్సిల్ శుభ్రంగా ఉంది. ఒక్క తీగ కూడా లేదు.

"చక్రాలు ఉలవల మీద తిరిగుంటే ఇక్కడ మోపెడు తీగ ఉండాలి. సీజ్ చేశాక ఈ కారు కిందికి ఎవరూ దూరలేదు. మీరు పంట మీదికి ఎక్కనే లేదు. కాబట్టి 64 కారు వేగమే. మార్జిన్‌లో నిలబడ్డ మనిషి మీదికే పోనిచ్చారు."

కారు కిందికి దూరి తీగలు పీకే పని కేశవ ఏనాడూ చేసినవాడు కాదు. టార్చి వెలుగు పడ్డ చోటికి వంగి చూశాడు.

"ఏడు బోర్లు మేడమ్."

"ఉలవలు తొక్కకుండా పోయినాడు. నా మొగున్ని తొక్కినాడు," అంది వెంకటలక్ష్మమ్మ.

మధ్యాహ్నం 3:40. కేశవను హిందూపురం కోర్టుకు తీసుకెళ్తున్నారు. పుల్లన్న పోయిన చోట రోడ్డంతా ఉలవలు మళ్లీ పరిచి ఉన్నాయి. మార్జిన్‌లో వెంకటలక్ష్మమ్మ నిలబడి ఉంది. నడుముకు కొడవలి లేదు.

ఎర్రిస్వామి భారతి వైపు చూశాడు.

"ఫస్ట్ గేర్. మెల్లగా పోనీ."

దాటాక జీపు ఆగింది. ఎర్రిస్వామి దిగి, నింపాదిగా తీగలు పీకుతున్నాడు. భారతి తొందరపెట్టలేదు. వెంకటలక్ష్మమ్మ జీపు దగ్గరికి నడిచి వచ్చింది. కేశవ తల దించుకున్నాడు.

"తలెత్తి చూడప్పా కేశవా. నా మొగుడు నిలబడిండేది ఈడనే."