దొరసాని వేసిన అడుగు

భవనం గేటు ముందు, తెల్లగీత వెనక గుర్రం మీద కూర్చున్న గార్డుకి గుండె తప్ప ఇంకేదీ కదలకూడదని రూలు. ఆ రోజు ఆ గుండే హద్దు మీరి కొట్టుకుంటోంది.

పన్నెండింటికి డ్యూటీ దిగుతాడు. ఆ పన్నెండింటికే గుర్రాలకు నాడాలు కొట్టే మేస్త్రి ఇంటికి, ఆయన కూతురి సంబంధం మాట్లాడడానికి ఎవరో వస్తున్నారు.

తండ్రితో పాటు కొలిమి దగ్గర పనిచేసే ఆ అమ్మాయి, ఆరు నెలల కిందట మొదటిసారి చూసినప్పుడే అతన్ని దులిపేసింది. "నాడా ఊడేదాకా ఏం చేస్తున్నారు సార్, మీసం దువ్వుకుంటున్నారా?" నిన్న మాత్రం మెల్లగా, "నేనంటే ఇష్టమేనా?" అని అడిగింది. అతనికి నోరు పెగల్లేదు.

ఇప్పుడు ఆమె జనంలోంచి వచ్చి ముందు నిలబడి, గుర్రాన్నే పలకరించింది.

"ఏమే దొరసానీ, బాగున్నావా? మీ సారుకి నిన్న నోట్లో నాలుక లేదు. ఇవాళ ఉన్నా వాడకూడదు. ఎంత అదృష్టమో చూడు!"

ఫొటోలు తీసుకుంటున్నవాళ్లు నవ్వారు.

"అరగంటలో వాళ్లొస్తారే. అబ్బాయికి సొంత షాపుందట. గుర్రాలంటే భయమట." ఆమె గొంతు సన్నబడింది. "వద్దనడానికి నాకో కారణం కావాలి కదా. లేదనుకుని వెళ్లిపోనా?"

పెదవి కదిపితే సార్జెంటు చూస్తాడు. గుర్రాన్ని లాగేసుకుని లాయంలో పేడ ఎత్తిస్తాడు. కదపకపోతే ఈమె వెళ్లిపోతుంది.

ఆమె వెనుదిరిగింది. ఒక అడుగు. రెండు.

అతని పిక్క గుర్రం డొక్కను నొక్కింది. దొరసాని తెల్లగీత దాటి ఠక్కుమని ఒక అడుగు ముందుకేసింది.

ఆమె ఆగింది. గిట్టని చూసింది, అతని బూటుని చూసింది. పక్కన ఫిరంగి పేలినా, రౌతు చెప్పందే ఆ గుర్రం కదలదని ఆమెకు తెలుసు.

సార్జెంటూ చూశాడు. అక్కడ ఇంకో గార్డుని నిలబెట్టి, అతన్నీ దొరసానినీ లాయానికి పంపించాడు. పెళ్లివారి కోసం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మేస్త్రి, నాడా వదులైందేమో చూడమని పిలుపు రాగానే పరుగున వచ్చి గిట్ట పట్టుకున్నాడు. వెనకే కూతురూ వచ్చింది.

"గీత దాటే గుర్రం నాకొద్దు. పంపించేస్తా," అన్నాడు సార్జెంటు.

"దాని తప్పు లేదు సార్. నేనే నడిపాను."

"ఎందుకు?"

అతను మేస్త్రి వైపు తిరిగాడు. "ఈయన గారి అమ్మాయి ఒక మాట అడిగింది సార్. ఔనని చెప్పడానికి ఇంకో దారి దొరకలేదు."

మేస్త్రి గిట్ట పట్టుకునే తలెత్తి చూశాడు.

"నెల రోజులు పేడ ఎత్తు," అన్నాడు సార్జెంటు, మీసం చాటున నవ్వు దాచుకుంటూ.

మేస్త్రి గిట్ట దించాడు. తల వంచుకున్న కూతుర్ని చూశాడు. "నాడా గట్టిగానే ఉంది. కుర్రాడినే కాస్త బిగించాలి," అంటూ ఫోన్ తీశాడు. "ఉండండి, వాళ్లని దారిలోనే ఆపాలి."

అమ్మాయి మూలనున్న పార తెచ్చి అతని చేతికిచ్చింది.

"నోరు తెరిచారుగా సార్. ఇక చేతులు కూడా కదపండి."