చేతికిచ్చిన కత్తి

కుప్పం బస్సు దిగి నవనీత నేరుగా నా కొట్టుకే వచ్చింది. తుండుగుడ్డలో చుట్టిన కత్తిని బల్ల మీద పెట్టింది. నా మొహం చూడలేదు, సానరాయిని చూసింది.

"ఇంతేనా?" అంది.

నాకు మండింది. పుంగనూరు బస్టాండు పక్కన ఆరేళ్ళుగా కత్తులకు సాన పడుతున్నాను. మటన్ కొట్టు కత్తులు, పెళ్ళివంటల కత్తిపీటలు, అన్నీ నా చేతి కిందికే వస్తాయి. ఎవడి దగ్గరా నేర్చుకోలేదు, వేళ్ళు కోసుకుని నేర్చుకున్నాను. పది నిమిషాలు కూర్చో అన్నాను.

నలభై నిమిషాలైంది. కత్తికి ఏమీ కాలేదు. నా సానరాయికి మాత్రం వేలు పట్టేంత గాడి పడింది.

ఆ పిల్ల బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుచుకుని తింటా చూస్తోంది. "రాయి కత్తిని అరగదీస్తాండాదా, కత్తి రాయినా?" అని నిదానంగా అడిగింది.

అది ఆన్‌లైన్లో తెప్పించిన గట్టి ఉక్కు. అందులో నా రాయికంటే గట్టి పలుకులు ఉంటాయని ఆ పొద్దు నాకు తెలియదు. ఏళ్ళ తరబడి పదును పోదని పెట్టె మీద అచ్చు వేస్తారు. పోయిన పొద్దు మనిషి ఏం చెయ్యాలో ఒక్క ముక్క రాయరు. అమ్మినవాడు హాయిగా నిద్రపోతాడు, తిట్లు మాత్రం సాన పట్టేవాడికి.

ఆమె తన గోడు చెప్పింది. కుప్పం పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లపురుగులకు మల్బరీ ఆకును దారాల్లాగా తరిగి వెయ్యాలి, రోజుకు నాలుగు మేతలు. మామూలు కత్తి ఒక పూటకే చచ్చిపోతుందని ఇది కొనింది. ఇదీ మొద్దుబారింది. మొద్దుకత్తి ఆకును కొయ్యదు, నలుపుతుంది. నలిగిన ఆకు ఇట్టే వాడిపోతుంది, పురుగు మూతి తిప్పుకుంటుంది. పోయిన పంట సగం అట్లే పోయింది. ఆదివారం కొత్త గుడ్లు పగులుతాయి. ఈ పంట కూడా పోతే షెడ్డు బ్రాయిలర్ కోళ్ళకు ఇచ్చేస్తానని వాళ్ళ నాయన నారాయణస్వామి తేల్చి చెప్పేసినాడు. కోళ్ళాయన టేపు తెచ్చి కొలతలు కూడా తీసుకుని పోయినాడు.

వింటా ఉంటే నాకు ఉక్కు మీద, కోళ్ళ మీద, నా రాయి మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది. ఆ కోపంలో కత్తి తీసి ఆమె చేతిలో పెట్టేసినాను.

ఆమె ఒళ్ళోని వేరుశనక్కాయలు కింద రాలినాయి.

మా పక్క కత్తిని ఎవరూ చేతికి ఇవ్వరు. కింద పెడతారు, అవతలి మనిషి తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరికీ కొట్లాట పుడుతుందంటారు. నాకు ఇట్లాంటి నమ్మకాలు లేవని పదిమందిలో వాదిస్తాను కానీ, ఆరేళ్ళలో ఒక్క కత్తీ చేతికి ఇయ్యలేదు.

"ఏమప్పా, బుద్ధుండాదా నీకు? చేతికిస్తావా?" అని ఆమె కత్తిని మళ్ళీ బల్ల మీద పెట్టింది. "శనివారానికి చెయ్యగలవా, లేదా?"

చేస్తానన్నాను. ఎట్లా చేస్తానో నాకే తెలియదు. ఆమె చూపు ఆ కత్తి కొత్తలో ఎట్లా ఉండేదో అట్లా ఉంది, నేనేం చేసేది?

ఆ రోజు నుంచి కొట్లాటలే. రోజుకు మూడుసార్లు ఫోన్. అయిందా అంటుంది, కాలేదంటాను, అంతా నువ్వు చేతికిచ్చినందుకే అంటుంది. కుప్పం బస్సులు లేటా, పుంగనూరు బస్సులు లేటా అని ఒక పూట. సంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి పచ్చడి మేలా, కోడికూర మేలా అని ఇంకో పూట. నేను కోళ్ళ పక్షం మాట్లాడుతున్నానని ఫోన్ పెట్టేసింది. గురువారం సాయంత్రం నాలుగైనా ఫోన్ రాకపోతే, సిగ్నల్ లేదేమోనని కొట్టు మిద్దె ఎక్కి నిలబడినాను.

మధ్యలో మదనపల్లెకు పోయి హార్డ్‌వేర్ కొట్లన్నీ తిరిగినాను. అందరూ నా దగ్గరున్నట్టాంటి రాళ్ళే చూపించినారు. చివరికి బండలమ్మే కొట్టాయన కత్తిని గోటితో మీటి చూసి నవ్వినాడు.

"దీన్ని వజ్రం పొడే అరగదియ్యాల. బండలకు పాలిష్ పట్టే వజ్రం ప్యాడ్లు ఉంటాయి సూడు, అవి. నా దగ్గర అయిపోయినాయి. కుప్పం పో, ఆడ గ్రానైట్ ఫ్యాక్టరీలే ఫ్యాక్టరీలు."

నవనీతకు ఫోన్ చేసి చెప్పినాను.

"మా ఇంటి వెనకాలే ఉండాది ఫ్యాక్టరీ," అంది సన్నగా.

అది నేను గెలిచిన మొదటి కొట్లాట. కానీ ఆమె నవ్వేసింది. నవ్వే మనిషితో ఎట్లా కొట్లాడేది?

శనివారం కత్తి తీసుకుని వాళ్ళ షెడ్డుకు పోయినాను. గరుకుది మొదలు నున్నదాని వరకు నాలుగు ప్యాడ్లు, చిన్న డబ్బాలో వజ్రం పేస్టు ఆ ఫ్యాక్టరీ నుంచి నవనీత తెచ్చి పెట్టింది. ప్యాడ్లను చెక్కకు అంటించి, నీళ్ళు చల్లుకుంటా, రెండు గంటలు రుద్దినాను. పదును వచ్చింది. కానీ అంచున కంటికి కనబడని ఇనుప నూగు మిగులుతుంది. అది పోవాలంటే మంగలి కత్తిని లాగినట్టు తోలు మీద లాగాలి. నా తోలుపట్టీ పుంగనూరులో మేకుకు వేలాడుతోంది.

షెడ్డులో తోలన్నది నా నడుముకే ఉంది.

బెల్టు తీసి పేస్టు పూసినాను. ఒక కొస నవనీత పట్టుకుంది, ఇంకో కొస నా ఎడమ చేతిలో, కత్తి కుడిచేతిలో. ప్యాంటును ఎడమ మోచేతితో నడుముకు నొక్కిపెట్టి, మిగతాది దేవుడికి అప్పజెప్పినాను. పది లాగుళ్ళకు ఒకసారి చేతి వెంట్రుకల మీద పరీక్ష. మోచేతి దాకా ఎడమ చెయ్యి బోడి అయిపోయింది. నవనీత బెల్టు పట్టుకుని, తల అవతలికి తిప్పుకుని, భుజాలు కదిలేట్టు నవ్వుతోంది.

అప్పుడే నారాయణస్వామి ఆకు గంపతో లోపలికి వచ్చినాడు.

"ఎవరమ్మా ఈయప్ప?"

"సాన పట్టే ఆయప్ప, నాయనా."

పెద్దాయన గదా, మర్యాద చెయ్యాలి గదా. కత్తి, బెల్టు వదిలి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టినాను.

అది నా తప్పు. దేవుడు కూడా ప్యాంటు వదిలేసినాడు.

నారాయణస్వామి గోడవైపు తిరిగి నిలబడి, ముందు ఆకు తరగండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు.

ఆకు దారాల్లాగా తెగింది. ఆదివారం గుడ్లు పగిలినాయి. చీమతలంత పురుగులు ఒక్కటీ మూతి తిప్పలేదు. కొట్లాటలు మాత్రం ఆగలేదు. మూడు వారాలు దాటినాక ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసి, మాట్లాడకుండా విను అంది. వేల పురుగులు ఆకు నములుతున్న చప్పుడు, అచ్చం రేకుల మీద వానలాగా. నా కొట్టు బయట పెళపెళ ఎండ. చెవిలో వాన. కొట్లాడకుండా ఫోన్ పెట్టింది ఆ ఒక్క రోజే. పట్టుగూళ్ళు నిండినాయి, కోళ్ళాయన వేరే షెడ్డు వెతుక్కున్నాడు.

ఆ వారమే నవనీత మళ్ళీ నా కొట్టు ముందు దిగింది. వెనకాల వాళ్ళ నాయన. తుండుగుడ్డ విప్పి కత్తి తీసింది. గోటి మీద పెట్టి చూసినాను, కొత్తదానిలాగా పట్టుకుంది.

"పదును ఉండాదే. మళ్ళీ యాల తెచ్చినావు?"

ఆమె నా చేతిలోంచి కత్తి తీసుకుని, పిడి నావైపు తిప్పి, చేతికి చాపింది.

"బల్ల మీద పెట్టమ్మా," అన్నాను. "కొట్లాట వస్తాది."

"రానీ. ఫోన్లో కొట్లాడి కొట్లాడి చెవి కాలిపోతాండాది నాకు. ఒకే ఇంట్లో కొట్లాడుకుందాం."

నారాయణస్వామి బస్టాండు వైపు చూస్తా అన్నాడు, "తీసుకోప్పా. ఎంతసేపు పట్టుకోని నిలబడాల అది."

తీసుకున్నాను. చేతికే.

ఆయన ఇప్పుడిప్పుడే వెంట్రుకలు మొలుస్తున్న నా బోడి చేతిని, తర్వాత నా నడుమును కాసేపు చూసినాడు.

"పెళ్ళికి పంచె కట్టు," అన్నాడు. "మొలతాడు మా ఇంటి నుంచి తెస్తాం. గట్టిది."