మెషిన్‌కి చెబితే చాలనుకున్నవాడు

సర్వర్లు చూసుకునే అబ్బాయికి ఒక సిద్ధాంతం ఉంది. ఏ సెట్టింగైనా మెషిన్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఒక్కసారి పెట్టేస్తే, అందులో నడిచే ప్రోగ్రాములన్నీ అదే తీసుకుంటాయి. ఒక్కోదానికీ విడిగా చెప్పడం నోటికి చేటు.

ప్రోగ్రాములు రాసే అమ్మాయి అలా కాదు. ఏ ప్రోగ్రాముకి ఏం కావాలో దాన్ని స్టార్ట్ చేసేటప్పుడే ప్రాపర్టీలుగా రాసి ఇస్తుంది. ఏడాదిగా ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

అతను ఆమెను ప్రేమిస్తున్నాడు, అది వేరే సంగతి. మంచినీళ్ళ క్యాన్లు మార్చే ఆయనతో సహా అంతస్తంతటికీ ఆ సంగతి తెలుసు. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మంగళవారం ఆమె ప్రోగ్రాం పంపిన టెస్ట్ మెయిల్ నాలుగు వందల మంది అసలు కస్టమర్లకు వెళ్ళింది. అందులో "పట్టించుకోవద్దు" అని ఉంది. నాలుగు వందల మందీ పట్టించుకున్నారు.

ఆమె వచ్చి అతని టేబుల్ దగ్గర నిలబడింది.

"టెస్ట్ మెయిళ్ళు కస్టమర్లకు పోకుండా టెస్ట్ అడ్రసు పెట్టే సంగతి నేను చూసుకుంటానని నిన్న అన్నారు."

"చూసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి మెషిన్‌లో పెట్టాను."

"నా ప్రోగ్రాం నిన్న సాయంత్రమే స్టార్ట్ చేశాను. అప్పుడు మెషిన్‌లో ఏముందో దానికి అదే తెలుసు. మీరు మార్చాక ఒక్క మాట చెబితే రీస్టార్ట్ చేసేదాన్ని కదా."

"మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

"ఎలా తెలుస్తుంది?"

అతను వాదనకి దిగాడు. "మీరెప్పుడూ ప్రాపర్టీ ఇస్తారుగా. ఇచ్చుంటే మెషిన్‌లో ఏమున్నా అదే చెల్లేది. ఈసారి ఎందుకివ్వలేదు?"

ఆమె అతని కీబోర్డు వైపు చూస్తూ అంది, "మీరు చూసుకుంటానన్నారని."

ఏడాదిలో మొదటిసారి ఆమె అతని మాట నమ్మింది. అతనికి ఎక్కడ లేని సిగ్గూ ఒక్కసారే వచ్చింది.

మధ్యాహ్నానికి ఆమె కింది అంతస్తు టీముకి బదిలీ అడిగిందని, మేనేజరు సంతకం పెట్టేశాడని తెలిసింది. అతను వెళ్ళేసరికి ఆమె పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది.

"తప్పు నాదని మేనేజరుకి మెయిల్ రాశాను."

"పక్క సీటావిడ చూపించింది. నాకు తప్ప అందరికీ కాపీ పెట్టారు."

నిజమే. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోటి కూడా మీకు తప్ప అందరికీ తెలుసు. మీరంటే నాకు ఇష్టం. ఏడాదిగా. మీరు వెళ్ళిపోతుంటే భయంగా ఉంది."

ఆమె ఆఖరి పుస్తకం పెట్టెలో పెట్టింది. "అనుమానం ఉంది. కానీ మనిషి నోటితో చెబితే తప్ప నేను నమ్మను."

"చెప్పాను కదా. బదిలీ ఆపుకుంటారా?"

"ఆపుకోను. ఆఫీసులో నీతో రోజూ గొడవపడేది ఎవరే అని మా నాన్న అడుగుతుంటాడు. ఇదే టీములో ఉంటే ఆయనకి నువ్వు ఎప్పటికీ ఆ మనిషివే."

"మరి ఇప్పుడు నేనెవరని చెప్తారు?"

ఆమె పెట్టె ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

"నేనేమీ చెప్పను. ఆదివారం పదింటికి ఇంటికొచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, నువ్వే చెప్పు."