మేదిని బోధదీపం

చంద్రుడి మీద బళ్ళలో "అర్థమైందా?" అని అడిగే టీచర్లు లేరు. అడిగితే పిల్లలంతా గొంతు కలిపి "అర్థమైంది టీచర్!" అని అరుస్తారనీ, వాళ్ళలో సగం మందికి ఏమీ అర్థమై ఉండదనీ భూమ్మీద అందరికీ తెలిసిన సంగతే. అందుకే డాక్టర్ యశోధర్ బోధదీపం కనిపెట్టాడు. చొక్కా కాలరుకి పెట్టుకునే గుండీ అది. కొత్త విషయం మనసులో కుదురుకున్నప్పుడు మెదడులో పుట్టే తరంగాలను దానిలోని సెన్సర్ పసిగడుతుంది. విషయం బుర్రకెక్కితే పచ్చగా వెలుగుతుంది, లేదంటే ఎర్రగా ఉండిపోతుంది. దాని ముందు ఎవరి నాటకాలూ సాగవు.

తనిఖీనాడు గదిలో ఒక్క దీపం ఎర్రగా ఉన్నా సరే, ఆ తరగతిని టీచర్ చేతుల్లోంచి తీసేసి బోధనాయంత్రానికి అప్పగిస్తారు. మూడో తరగతి వకుళ టీచర్‌కి ఆ పిల్లలే లోకం. కానీ మేదిని దీపం ఒక్కనాడూ పచ్చబడలేదు. కాగితం రొట్టెలు కత్తిరించి భిన్నాలు చెప్పినా, పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలినా, ఆ పిల్ల కళ్ళింత చేసుకుని నవ్వేది. అంతే.

తనిఖీకి యశోధరే వచ్చాడు. బయట వరండాలో బూట్లు విప్పుకుంటున్న చప్పుడు వినగానే వకుళ గబగబా మేదిని దగ్గరికి వెళ్ళింది.

"మేదినీ, తోటగదిలో తోటకూరకి నీళ్ళు పోసి రామ్మా. పాఠం అయ్యాక వద్దువుగాని."

"ఇవాళ నాకు వచ్చేస్తది టీచర్. రాత్రి మా అమ్మ రొట్టె తుంచి చూపించింది."

"తర్వాత చెబుదువుగానిలే. వెళ్ళు తల్లీ."

మేదిని గుమ్మం వైపు చూసింది, టీచర్ వైపు చూసింది, వెళ్ళిపోయింది. పిల్లలంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వకుళ మాత్రం మూసుకున్న తలుపునే చూస్తూ నిలబడింది.

పాఠం బ్రహ్మాండంగా సాగింది. గదిలో ఒక్క ఎర్రదీపం లేదు. అయినా వకుళకి మధ్యాహ్నం అన్నం సయించలేదు. తప్పు చేశాను, పసిదాన్ని దాచిపెట్టాను అన్న మాటే లోపల తొలుస్తూ ఉంది.

సాయంత్రం యశోధర్ తెరమీద దీపాల ఫలితాలు చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

"తరగతి మీదే టీచర్‌గారూ! అది సరే గానీ, భిన్నాలకంటే ముందు ఇంకేదో పాఠం చెప్పారే, ఏమిటది?"

"ముందా? ఏమీ చెప్పలేదండీ."

"భలేవారే! నేను బూట్లు విప్పుకుంటున్నప్పుడు చెప్పారుగా. చూడండి, క్లాసంతా ఒక్కసారే పచ్చబడింది. ఇంత వెలుగు నేనెక్కడా చూడలేదు. ఇలా ఎక్కిన పాఠం జన్మలో మరిచిపోరు. అన్ని బళ్ళకీ పంపిద్దాం, ఏమిటో చెప్పండి."

వకుళ తల దించుకుని బల్లమీది కాగితం రొట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

"అన్నట్టు," యశోధర్ తెరమీద వేలు పెట్టి చూపించాడు. "ఎప్పుడూ ఎర్రగా ఉండే అమ్మాయి ఉందే, మేదిని... అందరికంటే ముందు వెలిగింది ఆ పిల్ల దీపమే."