అమ్మ మాటగా చెప్పు

సంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. లెపేకా అందులో భర్త చొక్కాలు సర్దింది, మళ్ళీ అన్నీ బయటికి తీసింది, ఉన్నికోటు అడుగున పెట్టి మళ్ళీ సర్దింది. మార్చి నెల, భూమికి ఈ దక్షిణ కొసన ఎండాకాలం చివర. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కొన్నాళ్ళకే చలి మొదలవుతుంది. ఇక్కడ, సముద్రానికి ఇవతలి దేశంలో, లోగన్‌లో ఇంకా పొద్దున్నే ఒళ్ళంతా చెమట.

వంటింట్లో అత్తగారు సలోమే తీపి పిండి ఉండలు నూనెలో వేయిస్తోంది. ఎవరైనా ఊరు వెళ్తుంటే ఆమెకు ఏదో ఒకటి వండాలి. వండుతున్నంతసేపూ ఆ మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. పుట్టిన దీవి సమోవాలో మొదలుపెట్టి ఈ వయసు దాకా ఆమె ఎంతమందికి ఇలా వండి పంపిందో! అందులో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

లెపేకా భర్త ఉలీసే పనిచేసిన కోడిమాంసం ఫ్యాక్టరీ క్రిస్మస్‌కి ముందు మూతపడింది. నిరుద్యోగ భృతి అడగబోతే, మీది న్యూజిలాండ్ పాస్‌పోర్టు, ఇక్కడ మీకు రాదన్నారు. ఆక్లాండ్‌లో అయితే వస్తుంది. అదైనా అక్కడ ఉన్నంతకాలమే. ఉలీసే అక్క టికెట్టు కొని పంపింది. విమానం సాయంత్రానికి.

“పని కోసం ఆ దేశం వదిలి ఈ దేశం వచ్చాం. పని లేదని మళ్ళీ ఆ దేశం పోతావా?” లెపేకా తలెత్తకుండానే అంది.

“ఖాళీగా కూర్చోడానికి పోతున్నానా? భృతి తీసుకుంటూ వెతుక్కుంటాను. మీకూ కొంత పంపుతాను.”

“అక్కడ పని దొరికితే అక్కడే ఉంటావు. దొరక్కపోతే, వస్తే భృతి పోతుందని అక్కడే ఉంటావు. మరి ఇక్కడికొచ్చేది ఎప్పుడు?”

ఉలీసే సంచి జిప్పు అటూ ఇటూ లాగి చూశాడు.

“నాన్నా, నా పుట్టినరోజుకి వస్తావుగా?” అంది కూతురు ఫియా, బడి బట్టలు వేసుకుని గుమ్మంలో నిలబడి.

“వస్తానే.”

“చూడూ, అబద్ధం కూడా సరిగ్గా ఆడలేవు,” అంది లెపేకా. “నోరు లేదు నీకు. ఆ నోరు లేకపోబట్టే ఈ సంచి.”

నూనె మూకుడు దించి సలోమే చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. “ఊరెళ్ళే మొగుణ్ణి ఆడిపోసుకోకూడదమ్మాయ్. వాడేం చేశాడు?”

“ఏం చేయలేదు అత్తయ్యా! అదే నా ఏడుపు. మొన్న శీతలగిడ్డంగి వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు కదా, ఏమైందని అడిగితే ‘వేరేవాళ్ళని తీసుకున్నారు’ అన్నాడు. నిన్న చర్చిలో అక్కడ పనిచేసే ఆవిడ చెప్పింది నాకు అసలు సంగతి. మేనేజరు కుర్చీలో కూర్చుని ఉంటే ఈయన లోపలికెళ్తూనే, రమ్మనకుండానే, ఎదుటి కుర్చీలో చతికిలబడ్డాడట!”

“మరి పెద్దమనిషి కూర్చుని ఉంటే ఎత్తున నిలబడమంటావా? ఆయన నెత్తి మీద నిలబడ్డట్టు కాదూ?” అన్నాడు ఉలీసే.

“ఆయన ఏదో అడుగుతుంటే నేల చూపులు చూశావట!”

“పెద్దవాళ్ళ కళ్ళలోకి గుడ్లప్పగించి చూస్తారా ఎవరైనా?”

“నువ్వు దేంట్లో గట్టివాడివి అని అడిగితే ఏమన్నావు? ఆ మాట కూడా చెప్పు మీ అమ్మకి.”

ఉలీసే గొంతు తగ్గింది. “పెద్దగా ఏం లేదండీ, అన్నాను.”

ఫియా ఫక్కున నవ్వి, నాయనమ్మ ముఖం చూసి నోరు మూసుకుంది.

“ఈయన పని చూస్తే ఎవరైనా తీసుకుంటారు. చూడాలంటే ముందు లోపలికి రానివ్వాలి కదా!” అంది లెపేకా. “పిలిచిన ప్రతి చోటా ఇదే అయ్యుంటుంది. మీరు నేర్పిందే అత్తయ్యా ఇది. తల దించు, నీ గొప్ప నువ్వు చెప్పుకోకు. నేర్పారు, బాగానే ఉంది. ఇప్పుడు ఆ దించిన తలతోనే వెళ్ళిపోతున్నాడు.”

ఆ ఇంట్లో కోడలు అత్తగారితో అంత మాట అనడం అదే మొదటిసారి. అనేశాక లెపేకాకే భయం వేసింది. ఒక చొక్కా గుండెకి అదుముకుని అలాగే మంచం అంచున కూర్చుండిపోయింది.

సలోమే చేతిగుడ్డ పక్కన పెట్టింది. తర్వాత గోడ ఆసరాగా నిటారుగా నిలబడింది. సమోవా వాళ్ళలో మనిషి తన సంగతి తాను చెప్పుకోడు. నలుగురిలో ఇంటి తరఫున మాట్లాడేవాడు లేచి అతని గురించి చెబుతాడు. ఆ మాట్లాడేవాడు బతికున్నన్నాళ్ళూ సలోమే భర్తే. ఆయన పోయాక ఈ ఇంట్లో ఎవరూ అలా లేచి నిలబడలేదు.

“కూర్చోరా,” అంది. ఉలీసే చాప మీద కూర్చుని తల వంచాడు.

“నా కొడుకు ఉలీసే. తండ్రి మంచాన పడితే చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని స్నానం చేయించాడు. ఒక్కనాడు విసుక్కోలేదు. ఫ్యాక్టరీ మంచుగదిలో కొత్తగా చేరిన కుర్రాడి చేతులు గడ్డకడుతుంటే తన చేతితొడుగులు ఇచ్చేసి, వేళ్ళు పగిలిపోయి వచ్చాడు. నాకు మాత్రం తలుపు సందులో పడ్డాయన్నాడు. అసలు సంగతి తర్వాత ఆ కుర్రాడే చెప్పాడు. జ్వరమొచ్చినా పని మానలేదు. ఎవరితోనూ గొడవ పడలేదు. బరువు ఎత్తమంటే ఎత్తుతాడు, దించమనేదాకా దించడు. వీణ్ణి పనిలో పెట్టుకున్నవాళ్ళు హాయిగా నిద్రపోవచ్చు.”

లెపేకా చొక్కాలో ముఖం దాచుకుంది. ఆ చేతితొడుగుల సంగతి ఆమెకూ ఇప్పుడే తెలిసింది. ఆ రోజు ఆ వేళ్ళు చూసి, కళ్ళు నెత్తిన పెట్టుకున్నావా అని తనే అరిచింది.

“ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు,” అంది సలోమే.

“నా వల్ల కాదమ్మా. సిగ్గుతో చచ్చిపోతాను.”

“నీ మాటగా చెప్పకు. మా అమ్మ ఇలా అంటుందని చెప్పు. కొడుకు తల్లి మాట మోసుకెళ్తే తప్పు లేదు. నేను అక్కడిదాకా నడవలేనుగా.”

ఉలీసే కళ్ళు తుడుచుకున్నాడు. లెపేకా వచ్చి పక్కన చాప మీద కూర్చుని అతని చేతివేళ్ళు పట్టుకుంది. “ముందే చెప్పొచ్చు కదా! నేను ఎంత మాట అన్నాను.”

“నువ్వు అరిస్తే బాగుంటుంది. ఇంట్లో ఒక్కరికైనా నోరుండాలి,” అన్నాడు. ఏడుస్తూనే నవ్వింది లెపేకా.

ప్రయాణం మానుకోమని ఎవరూ అనలేదు. అనాలనే ఉంది అందరికీ. కానీ ఆ నెల అద్దె కట్టాక బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. సాయంత్రం అతన్ని విమానాశ్రయంలో దించి వచ్చారు.

భృతి రెండు వారాలు ఆలస్యంగా మొదలైంది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు, గొంతులో అలసట వినబడేది. మే నెలలో ఒకరోజు వారం మధ్యలోనే చేశాడు.

“రేవులో గిడ్డంగి పని అమ్మా. మేనేజరు అదే ప్రశ్న అడిగాడు, దేంట్లో గట్టివాడివని. ‘నేను చెప్పలేనండీ, మా అమ్మ ఏమంటుందంటే’ అని మొత్తం చెప్పాను. ఆయన నవ్వాడు. మీ అమ్మ గట్టి మనిషేనయ్యా, సోమవారం రా అన్నాడు.”

“మంచి మాట నాన్నా,” అంది సలోమే. ఫోన్ కోడలి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా దాని ముందు నిలబడింది. పని దొరికింది అక్కడ. ఇక్కడ కాదు.

డిసెంబరులో ఫియా బడికి సెలవులిచ్చాక ఇల్లు ఖాళీ చేసి ముగ్గురూ అతని దగ్గరికి వెళ్ళారు. ఉలీసే లోగన్ నుంచి మార్చిలో వెళ్ళాడు. తిరిగి రాలేదు.