కవరు మీద కుక్క

శనివారం పొద్దున క్లైవ్ వంటింట్లో నిలబడి, రొట్టె మీద నారింజ మార్మలేడ్ పూసే కత్తిని మైకులా పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. వచ్చేవారమే కూతురు టెస్సా పెళ్లి. విందులో పెళ్లికూతురి తండ్రి లేచి నాలుగు మాటలు మాట్లాడటం వాళ్ల ఆచారం. ఆ నాలుగు మాటల కోసమే లండన్ శివారు క్రాయిడన్‌లోని ఆ ఇంట్లో కురుక్షేత్రం నడుస్తోంది.

ఒకప్పుడు క్లైవ్ అంటే మాటలా? 'బ్రిగేడియర్' అనే మగవాళ్ల పత్రికకు సంపాదకుడు. టై కట్టుకోవడం, గడ్డం గీసుకోవడం, అలిగిన ప్రియురాలిని బుజ్జగించడం, అన్నీ దేశానికి నేర్పిన మనిషి. అలిగిన భార్యను బుజ్జగించడం మాత్రం ఆయనకు ఇప్పటికీ చేతకాదు, అది వేరే సంగతి. రైల్వే స్టేషన్లలో జనం ఎగబడి కొన్న ఆ పత్రిక, ఆయన్ని సంపాదకుడి కుర్చీలోంచి దింపేశాక ఇంకొన్నాళ్లు ఈడ్చుకొచ్చింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మూతపడింది. ఇప్పుడా పేరు ఒక షాంపూ సీసా మీద బతుకుతోంది.

"పెళ్లికూతురి గురించి మీకు తెలియని ఏడు రహస్యాలు," అని మొదలుపెట్టాడు.

"ఏడా? ఇది ప్రసంగమా, కవరు పేజీయా?" అంది భార్య గ్లెనిస్, టీలో పాలు పోస్తూ.

"నంబరుంటేనే జనం వింటారు. మొదటిది, ఈమె చేతికి కారు తాళాలివ్వకండి."

టెస్సా టోస్టు పక్కన పెట్టేసింది. "నాన్నా, నువ్వు మాట్లాడొద్దు. అమ్మ మాట్లాడుతుంది."

"దేశంలో సగంమంది తండ్రులు నా పత్రిక చూసే ప్రసంగాలు రాసుకున్నారే."

"అందుకేగా సగం పెళ్లిళ్లలో జనం తలలు దించుకు కూర్చునేది," అంది గ్లెనిస్.

"తమాషా కాదమ్మా." అంది టెస్సా. "ఆ ఏడింట్లో నా గురించి ఒక్కటైనా ఉందా? ఏ పిల్లకైనా అతుకుతాయవి. నాకు మా నాన్న కావాలి, సంపాదకుడు కాదు."

క్లైవ్ కత్తి దించాడు. మార్మలేడ్ చొక్కా మీదికి కారుతున్నా చూసుకోలేదు.

"కుక్క సంగతి చెప్పు," అంది గ్లెనిస్ మెల్లగా.

"ఏ కుక్క?" అంది టెస్సా.

క్లైవ్ కుర్చీలో కూలబడ్డాడు. "అప్పుడు నీకు ఆరేళ్లు. బడి లేదని ఆఫీసుకు తీసుకెళ్లాను. కవరు కోసం ఫొటోలు పరిచి ఉన్నాయి, అన్నీ ఈతబట్టల అమ్మాయిలే. నువ్వు వాళ్లందర్నీ పక్కకు తోసి, మూలనున్న ముసలి కుక్క ఫొటో తీసి, ఇదే వెయ్యమన్నావు. వేసేశాను."

"వేసేశావా?"

"కొట్లవాళ్లు కుక్కల పత్రికనుకుని చిలకల పెంపకం పత్రికల పక్కన సర్దారు. మగాళ్లకు దొరకలేదు. ముసలమ్మలు కొనుక్కెళ్లి, లోపల చూసి లబోదిబోమన్నారు. యజమాని పిలిచి, ఎవరి బుర్రలో పుట్టింది ఇదని అడిగాడు. నా బుర్రలోనే అన్నాను. కుర్చీ పోయింది."

"అమ్మకాలు పడిపోయి తీసేశారన్నావుగా?"

"పడిపోలేదా మరి? ఆరేళ్ల పిల్ల మీద నేరం ఎవడు మోపుతాడమ్మా. అయినా నేను ఇంటికి తెచ్చి, సిగ్గుపడకుండా హాల్లో బల్ల మీద పెట్టుకున్న సంచిక అదొక్కటే."

టెస్సాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. లేచి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. మార్మలేడ్ ఇద్దరికీ అంటుకుంది. "ఆ ఏడూ వద్దు నాన్నా. ఇదొక్కటే చెప్పు."

"అప్పుడు నీ ఎంపికను కాదనలేదు, ఇప్పుడూ కాదనను. అంతే చెప్పి కూర్చుంటాను."

"కూర్చునే ముందు, పెళ్లికొడుక్కీ ఆ కుక్కకీ సంబంధం లేదని కూడా చెప్పు," అంది గ్లెనిస్, కళ్లు తుడుచుకుంటూ.