కడిగిన గుండె

తప్పు కప్పది కాదని వెంకట్రాజం రెండోసారి అన్నాడు. మరి నాదా అని అనసూయ నిలదీసింది. అవునని తలూపాడు. ఆమె మొహం మీద ఆ మాట అనగల మొనగాడు ఆ ఎమ్మెస్సీ జువాలజీ క్లాసులో అంతవరకు పుట్టలేదు.

అది 1982. బయట వాన దంచుతోంది. ల్యాబ్‌లో బల్ల మీద కప్ప గుండె ఉప్పునీళ్ళ చుక్కల కింద కొట్టుకుంటోంది. గుండెకు కట్టిన సన్నటి పుల్ల, పొగ పట్టించిన కాగితం మీద తెల్లటి గీతలు గీస్తోంది. ఎసిటైల్‌కోలిన్ పోస్తే గుండె నెమ్మదించాలి. నాలుగుసార్లు పోసినా అది ఖాతరు చేయలేదు. ఐదింటిలోపు నెమ్మదించిన గీతలు రికార్డులో అతికించకపోతే సార్ సంతకం పెట్టడు. సంతకం లేనివాళ్ళకు పరీక్ష లేదు.

తొర్రూరు పత్తి చేల నుంచి ఎమ్మెస్సీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అనసూయ. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేది. వరస నంబర్ల పుణ్యమా అని వెంకట్రాజంతో ఒకే బల్ల పంచుకోవాల్సి వచ్చింది. అతని మౌనం ఆమెకు చులకన. జనవరిలో అతను ప్రేమిస్తున్నానని చెబితే నలుగురిలో నవ్వేసింది.

"ప్రేమ గాదు. నీ కణాలకు ఏదో హార్మోన్ తగిలింది. మూడు రోజులల్ల తగ్గుతది" అంది.

అతను మారు మాట్లాడలేదు. దానికీ ఆమె నవ్వింది.

అటెండర్ కట్టయ్యకు ఒక అలవాటు ఉంది. ఎట్రొపిన్ అనే ఇంకో మందు డ్రాపరుకు ఎర్ర దారం, ఎసిటైల్‌కోలిన్ డ్రాపరుకు తెల్ల దారం కడతాడు. ఎమ్మెస్సీ ల్యాబులో ఈ మొలతాళ్ళేమిటని అనసూయ పొద్దున్నే వాటిని తెంపి, ఇంగ్లీషులో చీటీలు అతికించింది. తడికి చీటీలు ఊడిపోయాయి. ఏది ఏదో అందాజుగా తేల్చేసింది.

"నువ్వు ముందుగాల పోసింది ఎట్రొపిన్" అన్నాడు వెంకట్రాజం. "అది పోయి కణాల మీద మందు అందుకునే రిసెప్టర్లల్ల కూసున్నది. ఇప్పుడు నువ్వెంత పోసినా మందు గుండె దాక పోతాంది గని, కణం అందుకుంటలేదు."

కట్టయ్య శిష్యుడివి ఎప్పుడయ్యావని ఆమె ఎద్దేవా చేసింది. అతను పట్టించుకోకుండా రెండు కొత్త డ్రాపర్లు సీసాల నుంచి నింపి తెచ్చి, దారాలు కట్టాడు. ఇంకో కప్ప లేదు, దీన్నే కడగాలన్నాడు.

గంటసేపు ఉప్పునీళ్ళతో చుక్క చుక్కగా కడిగారు. మొదట్లో అనసూయ నోరు ఊరుకోలేదు. తర్వాత అలసిపోయింది. నాలుగున్నరకు ఆమె చేత్తోనే తెల్ల దారం డ్రాపరు నుంచి రెండు చుక్కలు వేసింది.

పుల్ల మెల్లబడింది. గీతకూ గీతకూ దూరం పెరిగింది.

అనసూయ భయంభయంగా అతని వైపు చూసింది. గెలిచానన్న పొగరు ఆ కళ్ళలో ఎక్కడా లేదు. నవ్వి ఉంటే తిట్టి బయటపడేది. ఇప్పుడు సిగ్గేసింది. రికార్డులో మొదటి ప్రయోగం చెడిన కారణం దగ్గర "డ్రాపర్లు మార్చింది నేను" అని రాసి, సంతకం చేసింది.

"జనవరిల గట్ల నవ్వితె ఎందుకు ఊకున్నవ్?" అని అడిగింది.

"నా మాట నీ దాక వచ్చింది. నీ నిండ వెక్కిరింతనే ఉండె. ఇంకోసారి చెప్పినా గంతే గదా."

"ఇప్పుడు చెప్పు మరి."

"చెప్ప. నా వంతు అయిపోయింది."

తనను కాదన్న మనిషిని అనసూయ మొదటిసారి చూస్తోంది. పరీక్షలైపోతే ఇక ఈ బల్ల దగ్గర అతను ఉండడని ఊహించుకుంటే గుబులేసింది.

"ఆదివారం నాతోని తొర్రూరు బస్సెక్కు" అంది.

"ఎందుకు?"

"నిన్ను చేసుకుంట అని మా నాయినకు చెప్త. నువ్వు పక్కన లేకపోతె, నేను ఒకరిని మెచ్చిన్నంటె ఆయన నమ్మడు."